‘పొడుగుదే పెద్దది’ అనుకున్న 17 మంది: 6వ తరగతి దశాంశాల పాఠంలో ఆన్‌లైన్ టూల్స్ వాడి చూసిన కేస్ స్టడీ

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నాకు 6వ తరగతి లెక్కలు ఇచ్చారు. తరగతిలో 38 మంది. ఈ కేస్ ఒక్క పాఠం గురించే: దశాంశ సంఖ్యలను పోల్చడం. చూడటానికి చిన్న పాఠమే. కానీ 0.4 పెద్దదా, 0.35 పెద్దదా అన్నచోట తడబడే పిల్లలు ఆ తర్వాత కొలతల్లో, శాతాల్లో, సైన్సు లెక్కల్లో కూడా అక్కడక్కడే తడబడుతుంటారు. అందుకే దీన్ని తేలిగ్గా వదిలేయాలనిపించలేదు.

నా దగ్గర ఉన్నవి ఇవి: పనిచేసే కంప్యూటర్లు 13 ఉన్న ల్యాబ్, అది వారానికి రెండు పీరియడ్లు మాత్రమే దొరుకుతుంది. క్లాసులో ఒక ప్రొజెక్టర్. నా లాప్‌టాప్, నా ఫోన్. పిల్లల దగ్గర ఫోన్లు లేవు. వాళ్ల వయసు 11, 12 ఏళ్లు. చాలా ఆన్‌లైన్ సర్వీసుల్లో సొంతంగా ఖాతా తెరవాలంటే 13 ఏళ్లు నిండి ఉండాలి. కాబట్టి పిల్లలు ఖాతా తెరవాల్సిన పని లేనివే ఎంచుకున్నాను. ఎక్కడా పేర్లు ఎక్కించలేదు, రోల్ నంబర్లు మాత్రమే వాడాను. ఈ ఒక్క నిర్ణయం మాత్రం మొదటి రోజు నుంచీ సరిగ్గా తీసుకున్నాననుకుంటాను.

మొదటి ప్రయత్నం: క్విజ్ ఆట

ట్రైనింగ్ రోజుల్లోనే కహూట్ గురించి విన్నాను. 2013లో నార్వేలో మొదలైన క్విజ్ ఆట ఇది. తెర మీద ప్రశ్న వస్తుంది, పిల్లలు తమ ముందున్న కంప్యూటర్‌లో ఒక రంగు గడి నొక్కుతారు. ఆటలో చేరడానికి పిన్ నంబర్ ఉంటే చాలు. ఒక్కో కంప్యూటర్ దగ్గర ముగ్గురిని కూర్చోబెట్టి, దశాంశాల మీద 10 ప్రశ్నలు తయారు చేసి, ప్రశ్నకు 20 సెకన్లు పెట్టాను.

ల్యాబ్ హోరెత్తిపోయింది. లెక్కల పీరియడ్ అయిపోయిందంటే పిల్లలు బాధపడటం అదే మొదటిసారి చూశాను. వరుసగా మూడు వారాలు ఆడించాను. పాఠం బాగా ఎక్కిందనే అనుకున్నాను. తర్వాత కాగితం మీద పెట్టిన చిన్న పరీక్షలో 0.4, 0.35, 0.309లను క్రమంలో రాయమంటే సరిగ్గా రాసింది 14 మంది.

ఆ కాగితాలు పట్టుకుని స్టాఫ్‌రూమ్‌లో కూర్చుంటే, ఎన్నో ఏళ్లుగా లెక్కలు చెబుతున్న సీనియర్ మేడమ్ ఒకరు అడిగారు, "తర్వాతి ఆటకి నేను కూడా వచ్చి వెనక కూర్చోనా అమ్మా?" వచ్చారు. పీరియడ్ అంతా నోట్‌బుక్‌లో ఏదో గీతలు పెట్టుకుంటూ కూర్చున్నారు. బయటికొచ్చాక ఆ పేజీ చూపించారు.

"మౌస్ ఎవరి చేతిలో ఉందో రాసుకున్నాను. 38 మందిలో మౌస్ ముట్టుకున్నది 15 మంది. మూడో కంప్యూటర్ దగ్గర చివర కూర్చున్న పాప ప్రతి ప్రశ్నకీ నోరు తెరిచింది. ఆ పిల్ల మాట పూర్తయ్యేలోపే పక్కవాడు నొక్కేస్తున్నాడు."

ఆ రాత్రి కహూట్ రిపోర్టులు తెరిచి మళ్లీ మొదటి నుంచి చూశాను. 0.4, 0.35లలో ఏది పెద్దదన్న ప్రశ్నకు 13 జట్లలో 5 జట్లే సరైన జవాబు నొక్కాయి. ఆ సంగతి ఆట జరుగుతుండగానే తెర మీద పట్టీల రూపంలో కనబడింది. నా కళ్ల ముందే కనబడింది. కానీ పిల్లలంతా స్కోరు కోసం అరుస్తుంటే నేను కూడా "తర్వాత" నొక్కేశాను. ఎవరు ముందున్నారో చూపించి అదే ఊపులో వచ్చే ప్రశ్నకు వెళ్లిపోయాను.

ఇందులో తప్పు ఆటది కాదు. దాన్ని ఏ పనికి పెట్టానన్నదే అసలు విషయం. మామూలు సెట్టింగులో ప్రశ్నకు గరిష్ఠంగా 1000 పాయింట్లు. ప్రశ్న కనబడగానే సరైన గడి నొక్కితే వెయ్యికి దగ్గరగా వస్తాయి. గడువు చివర్లో నొక్కితే 500 దగ్గర ఆగిపోతాయి. అంటే నిదానంగా ఆలోచించి సరిగ్గా చెప్పిన జట్టు సగం పాయింట్లతో వెనకబడుతుంది. వచ్చిన పాఠాన్ని గుర్తుచేసుకోవడానికి అది మంచి ఊపే. ఇంకా అర్థం కాని పాఠానికి మాత్రం ఆ తొందర పనికిరాదు. పాయింట్లు తీసేసే వీలు, ప్రశ్నకు 4 నిమిషాల వరకూ సమయం పెంచుకునే వీలు అందులోనే ఉన్నాయని నాకు అప్పటికి తెలియదు.

రెండో ప్రయత్నం: తప్పు జవాబు చేత మాట్లాడించడం

ఈ కేస్‌లో నాకు ఎక్కువ నేర్పింది ఈ దశే. అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

దశాంశాల్లో పిల్లలు చేసే తప్పుల మీద మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కే స్టేసీ, విక్కీ స్టెయిన్‌లే చాలా పని చేశారు. వాళ్లు తేల్చిన సంగతి ఏమిటంటే, ఈ తప్పులు ఎలా పడితే అలా రావు. పిల్లల బుర్రలో ఒక సూత్రం ఉంటుంది, ఆ సూత్రం ప్రకారమే వాళ్లు ప్రతిసారీ తప్పు చేస్తారు. అందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి, అంకెలు ఎక్కువ ఉంటే పెద్ద సంఖ్య అనుకోవడం. 35 అనేది 4 కంటే పెద్దది కాబట్టి 0.35 కూడా 0.4 కంటే పెద్దదే అంటారు. దీనికి నేను ‘పొడుగుదే పెద్దది’ అని పేరు పెట్టుకున్నాను. రెండోది దీనికి తలకిందులు, ‘పొట్టిదే పెద్దది’. పదో వంతు వందో వంతు కంటే పెద్దదని ఈ పిల్లలకు తెలుసు. దాన్నే పట్టుకుని, పదో వంతుల్లో ఉన్న ఏ సంఖ్య అయినా వందో వంతుల్లో ఉన్న ఏ సంఖ్య కంటే అయినా పెద్దదే అనుకుంటారు. అందుకే 0.6, 0.73 ఇస్తే 0.6 పెద్దదంటారు.

ఇప్పుడు నా పాత ప్రశ్నను చూడండి. 0.4, 0.35లలో ఏది పెద్దది? ‘పొట్టిదే పెద్దది’ అనుకునే పాప 0.4 అంటుంది. జవాబు సరైనదే, దాని వెనకున్న ఆలోచన తప్పు. అలాగే 0.6, 0.73 ఇస్తే ‘పొడుగుదే పెద్దది’ అనుకునే బాబు 0.73 అంటాడు, అదీ సరైన జవాబే. ఒక్క ప్రశ్నతో ఏమీ తేలదు. రెండు రకాల జతలూ కలిపి అడిగితేనే ఎవరి బుర్రలో ఏముందో బయటపడుతుంది.

గూగుల్ ఫారమ్స్‌లో ఇలాంటి జతలు ఆరు పెట్టాను. మూడు జతల్లో ఒక సూత్రం దొరికిపోతుంది, మూడింటిలో రెండోది. అందరూ ఒంటరిగా, ఒకరి తర్వాత ఒకరు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. 13 కంప్యూటర్లు కాబట్టి మూడు బ్యాచ్‌లు, ఒక పీరియడ్ మొత్తం దానికే సరిపోయింది. జవాబులు స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో రోల్ నంబరుకు ఒక్కో వరుసగా వచ్చి పడ్డాయి. ఆ సాయంత్రం వరుసలకు రంగులు వేస్తూ కూర్చున్నాను.

‘పొడుగుదే పెద్దది’: 17 మంది. ‘పొట్టిదే పెద్దది’: 6 మంది. ఆరు జతలూ సరిగ్గా చెప్పినవాళ్లు: 9 మంది. ఏ సూత్రమూ కనబడకుండా కలగాపులగంగా చెప్పినవాళ్లు: 6 మంది.

0.4, 0.35 జత ఒక్కటే తీసుకుంటే 18 మంది సరిగ్గా చెప్పారు. ఆ ప్రశ్నతోనే ఆగిపోయి ఉంటే సగం తరగతికి పాఠం వచ్చేసిందనుకునేదాన్ని. నిజానికి వచ్చింది తొమ్మిది మందికి. ఇంకో మాట, ఆ ‘పొట్టిదే పెద్దది’ ఆరుగురిలో ముగ్గురు క్లాసులో ఎప్పుడూ ముందు చెయ్యెత్తే పిల్లలు. వాళ్లకు ఇబ్బంది ఉందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇక్కడ గూగుల్ ఫారమ్ చేసింది కొంతే. ప్రశ్న సరిగ్గా రాయకపోతే ఆ స్ప్రెడ్‌షీట్‌లో వట్టి మార్కులే ఉండేవి. కానీ ఇందులోనూ ఒక లోటు ఉంది. నాకు విషయం తెలిసేసరికి సాయంత్రమైంది, పిల్లలు ఇంటికి వెళ్లిపోయారు. ల్యాబ్ మళ్లీ దొరకడానికి మూడు రోజులు పడుతుంది. అదే పీరియడ్‌లో, ఇంకా సమయం చేతిలో ఉండగా, 38 మంది ఏమనుకుంటున్నారో తెలిస్తే ఎంత బాగుంటుందో అనిపించింది.

మూడో ప్రయత్నం: కాగితం కార్డులు, ఒక ఫోన్

ప్లికర్స్ అనే టూల్‌లో పిల్లలకు ఏ పరికరమూ అక్కర్లేదు. ఒక్కొక్కరికీ ఒక కాగితం కార్డు ఇస్తాం. దాని మీద నలుపు తెలుపు గళ్లతో ఒక ఆకారం ఉంటుంది, ప్రతి కార్డుదీ వేరు. కార్డు నాలుగు వైపులా ఏ, బి, సి, డి అని చిన్న అక్షరాలు. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకోవాలి. నేను ఫోన్ కెమెరాతో తరగతి మొత్తాన్ని ఒకసారి చుట్టి చూస్తే ఎవరు ఏమన్నారో నమోదైపోతుంది. అక్షరాలు చిన్నవి, ఆకారాలు వేటికవే వేరు, కాబట్టి పక్కవాళ్లది చూసి రాసే వీలు దాదాపు ఉండదు. కార్డు నంబరే రోల్ నంబరుగా ఇచ్చాను.

మొదటి రోజు సగం కార్డులు ఫోన్‌కు అందలేదు. కారణం నేను వేయించిన నిగనిగలాడే లామినేషన్. లైటు వెలుతురు దాని మీద పడి మెరిసి గళ్లు కనబడలేదు. మందపాటి కాగితం మీద మళ్లీ ప్రింటు తీసి, లామినేషన్ లేకుండా ఇచ్చాక సరిపోయింది. పిల్లలు వేళ్లతో గళ్లు కప్పేస్తుంటే అంచులు పట్టుకోవడం నేర్పాల్సి వచ్చింది. చివరి బెంచీలకు ఫోన్ అందకపోతే రెండడుగులు ముందుకు నడిస్తే చాలు.

ఈసారి ప్రశ్న ఒక్కటే పెట్టాను. అన్నిటికంటే పెద్దది ఏది? ఏ: 0.3, బి: 0.408, సి: 0.41, డి: 0.046. ‘పొట్టి’వాళ్లు ఏ అంటారు. ‘పొడుగు’వాళ్లు 408 చూసి బి అంటారు. బిందువు పక్కనున్న సున్నాను లెక్కలోకి తీసుకోని వాళ్లు 0.046ను 0.46గా చదివి డి అంటారు. ఈ ఒక్క ప్రశ్న రాయడానికి నాకు గంట పట్టింది. ఆ గంట వృథా కాలేదు.

జవాబులు ప్రొజెక్టర్ మీద చూపించలేదు. నా ఫోన్‌లో మాత్రం చూశాను. ఏ 7, బి 13, సి 15, డి 3.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదటి నుంచీ తన క్లాసుల్లో ఒక పద్ధతి పాటిస్తూ వచ్చారు. ముందు ఎవరికి వారు జవాబు చెప్పాలి. సరైన జవాబు చెప్పినవాళ్లు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే, టీచర్ ఏమీ చెప్పకుండా పక్కవాళ్లతో వాదించుకోమనాలి. ఆ తర్వాత మళ్లీ అడగాలి. 30 శాతం కంటే తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, 70 దాటితే ముందుకు వెళ్లాలి. నా 15 మంది అంటే 40 శాతానికి కాస్త తక్కువ. కాబట్టి ఇలా అన్నాను: "మీ పక్కవాళ్ల జవాబు వేరైతే, మీదే ఎందుకు సరైనదో వాళ్లను ఒప్పించండి. మూడు నిమిషాలు."

ఆ మూడు నిమిషాలు నేను నోరు మూసుకుని బెంచీల మధ్య తిరిగాను. చెప్పాలని ఎంత అనిపించినా ఆపుకున్నాను. మూడో కంప్యూటర్ దగ్గర మాట పూర్తికాని పాప గుర్తుందా? ఆమె కార్డు నంబరు 17. తను పక్కమ్మాయితో అంటోంది, "నాలుగు వందల ఎనిమిది అనకు. నాలుగు పదో వంతులు, సున్నా వందో వంతులు అను. ఇప్పుడు చెప్పు." ఈ మాట నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ పాప నోట వినగానే పక్కమ్మాయి తన కార్డు తిప్పేసింది.

రెండోసారి: సి 27, బి 8, ఏ 3, డి ఎవరూ లేరు.

మిగిలిన 11 మంది కోసం ప్రొజెక్టర్ మీద జియోజీబ్రా అనే లెక్కల టూల్ తెరిచి సంఖ్యారేఖ పెట్టాను. అందులో జూమ్ చేస్తూ పోతే రేఖ మీది గుర్తులు తమంతట తామే చిన్న భాగాలుగా విడిపోతాయి. ముందు 0, 0.1, 0.2 కనబడ్డాయి. 0.4 దగ్గరికి జూమ్ చేసేసరికి 0.39, 0.4, 0.41 వచ్చాయి. ఇంకా దగ్గరికి వెళితే 0.4కూ 0.41కూ మధ్య 0.408 కనబడింది. అప్పటిదాకా బి పట్టుకుని కూర్చున్న ఒక బాబు లేచి నిలబడ్డాడు. "టీచర్, 0.408కీ 0.409కీ మధ్యలో కూడా ఉంటాయా? అక్కడికి కూడా వెళ్లండి." వెళ్లాం. బెల్ కొట్టేదాకా వెళ్తూనే ఉన్నాం.

ఒక పొరపాటు, అడిగి తీరాల్సిన ఒక ప్రశ్న

పేరు చెప్పడానికి మొహమాటపడే పిల్లల కోసం ఒక ఆన్‌లైన్ గోడ కూడా పెట్టి చూశాను. పిల్లలు పేరు లేకుండా తమ డౌట్లు చీటీల్లా అంటించవచ్చు. ల్యాబ్‌లో తెరిచిన నాలుగు నిమిషాలకే ఒక పిల్లవాడి మాటతీరును వెక్కిరిస్తూ ఎవరో ఒక చీటీ అంటించారు. అది ప్రొజెక్టర్ మీద అందరికీ కనబడింది. వెంటనే ప్రొజెక్టర్ ఆపేశాను. కానీ ఆ బాబు అప్పటికే చదివేశాడు. నేను చూసి అనుమతించాకే చీటీ గోడ మీద కనబడేలా పెట్టుకునే సెట్టింగు ముందే ఉంది. దాన్ని పెట్టకుండా పిల్లల ముందు తెరవడం నా తప్పు. ఆ మాటే ఆ బాబుతో, వాళ్ల అమ్మానాన్నలతో చెప్పి క్షమాపణ అడిగాను. పేరు లేకుండా పిల్లలు రాసే ఏ టూల్‌నైనా టీచర్ ముందు చూసుకోకుండా తెర మీద పెట్టకూడదు. ఈ విషయంలో నాకు ఇప్పుడు రెండో ఆలోచన లేదు.

సెట్టింగు మార్చి రెండు వారాల తర్వాత మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడొచ్చిన చీటీల్లో ఒకటి: "0.5, 0.50 ఒకటే అయితే చివర సున్నా ఎందుకు రాస్తారు?" నోరు తెరిచి ఎవరూ అడగని ప్రశ్న ఇది. మరుసటి రోజు పీరియడ్ సగం దీనికే ఇచ్చాం. విలువ ఒకటే, కానీ కొలతలో 0.50 మీటర్లు అని రాస్తే సెంటీమీటరు దాకా చూసి కొలిచామని చెప్పినట్టు. ఇద్దరు పిల్లలు స్కేలు తెచ్చి బెంచీ కొలిచి చూపించారు.

వీడియో మధ్యలో ప్రశ్నలు వచ్చే హోమ్‌వర్క్ కూడా ఆలోచించాను గానీ, అందరి ఇళ్లలో ఫోన్ ఖాళీగా దొరకదని తెలిసి వదిలేశాను.

నిలిచిందా?

కార్డుల పీరియడ్ తర్వాత వారానికి, ముందు చెప్పకుండా, కాగితం మీద కొత్త జతలు ఆరు ఇచ్చాను. అన్నీ సరిగ్గా రాసింది 28 మంది. సంతోషపడ్డాను. ఐదు వారాల తర్వాత మళ్లీ ఇస్తే 24కి పడిపోయింది. పడిపోయినవాళ్లందరూ ‘పొడుగుదే పెద్దది’ వైపే జారారు. ఎందుకో ఆలోచిస్తే, ఆ మధ్యలో మేము పెద్ద పూర్ణసంఖ్యల పాఠం చేస్తున్నాం. అక్కడ అంకెలు ఎక్కువుంటే నిజంగానే పెద్ద సంఖ్య. పాత అలవాటుకు మళ్లీ బలం దొరికింది.

అప్పటి నుంచి ప్రతి సోమవారం పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు కార్డులు బయటికి తీస్తాం. పాత పాఠాల నుంచి రెండు ప్రశ్నలు, ఒకటి తప్పకుండా దశాంశాలది. చదివినదాన్ని మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుంటే ఎక్కువ కాలం నిలుస్తుందని 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగాలు చూపించాయి. టర్మ్ చివర ఇచ్చిన ఆరు జతల్లో 32 మంది అన్నీ సరిగ్గా రాశారు.

ఈ 32 టూల్స్ వల్లే వచ్చిందని నేను చెప్పలేను. పోల్చి చూడటానికి నాకు రెండో సెక్షన్ లేదు. ఈ నెలల్లో అదే పాఠాన్ని ఎన్నోసార్లు మళ్లీ చెప్పాను. గళ్ల కాగితం మీద వంద గళ్లలో 40 గళ్లకు, 35 గళ్లకు రంగు వేయించాను, దానికి కరెంటు కూడా అక్కర్లేదు. నేను చెప్పగలిగింది ఇంతే: ఏ రోజు ఎవరికి మళ్లీ చెప్పాలో నాకు తెలిసింది. అంతకుముందు తెలియలేదు.

ఇప్పుడు నేను చేస్తున్నది

కొత్త టూల్ గురించి ఎవరైనా చెబితే ఒకటే అడుగుతాను. ఈ పీరియడ్ అయిపోయేలోపు ప్రతి పిల్లా ఏమనుకుంటోందో నాకు తెలుస్తుందా? తెలుస్తుందంటే వాడి చూస్తాను. కహూట్‌ను పాఠం పూర్తయ్యాక రివిజన్ రోజుకు ఉంచాను. అందులో సగం ప్రశ్నలకు పాయింట్లు తీసేసి, 60 సెకన్లు ఇస్తాను. మౌస్ ప్రతి ప్రశ్నకూ చేతులు మారాలన్నది నియమం.

ప్రశ్నలన్నీ నా నోట్‌బుక్‌లో, ఒక మామూలు ఫైల్‌లో కూడా రాసి పెట్టుకుంటాను. జామ్‌బోర్డ్ అనే తన ఆన్‌లైన్ వైట్‌బోర్డును గూగుల్ 2024 డిసెంబరు 31న మూసేసింది. ఏ టూల్ అయినా అలా పోవచ్చు, గంటసేపు ఆలోచించి రాసిన ప్రశ్న దానితో పాటు పోకూడదు. నెట్ రాని రోజు కార్డుల బదులు వేళ్లు వాడతాం. ఏకి ఒక వేలు, డికి నాలుగు, పక్కవాళ్లకు కనబడకుండా గుండెకు ఆనించి చూపించాలి. లెక్క కచ్చితంగా రాదు గానీ ముందుకు వెళ్లాలా ఆగాలా అన్నది తెలుస్తుంది.

కొత్తగా చేరిన టీచర్లు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ఒక్క టూల్, ఒక్క పాఠం, మూడు ప్రశ్నలు అంటాను. ఆ మూడు ప్రశ్నల్లో ప్రతి తప్పు జవాబు పక్కనా ఏ ఆలోచన ఉన్న పిల్లలు దీన్ని ఎంచుకుంటారో ముందే రాసుకోమంటాను. రాయలేకపోతే ఆ జవాబును మార్చాలి. మొదట్లో నాకు మూడు ప్రశ్నలకు రెండు గంటలు పట్టేది, ఇప్పుడు అరగంటలో అవుతోంది.

మిగిలిన ఆరుగురిలో నలుగురు ఇంకా ‘పొడుగు’ దగ్గరే ఉన్నారు, ఇద్దరు ‘పొట్టి’ దగ్గర. వాళ్లతో ఈ వారం నుంచి రోజూ పది నిమిషాలు గళ్ల కాగితంతో కూర్చుంటున్నాను. కార్డు నంబరు 17 పాప తనంతట తనే వచ్చి మాతో కూర్చుంటోంది.